టీకా కార్డు బడి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోతోంది? దక్షిణ తెలంగాణ బడుల్లో టీకాలు, మందుల తీరు

జూన్ 12న బడులు తెరిచేసరికి ఒకటో తరగతిలో చేర్చడానికి ఏ కాగితాలు కావాలో తల్లిదండ్రులందరికీ తెలుసు. ఆధార్, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువీకరణ, ఇంకో బడి నుంచి వస్తే టీసీ. టీకాల కార్డు చాలా బడుల్లో ఈ వరుసలో ఉండదు. ఉండి తీరాలని చట్టం కూడా చెప్పదు. సార్వత్రిక టీకాల కార్యక్రమం ఉచితమే కానీ నిర్బంధం కాదు. వయసు ధ్రువపత్రం లేకపోయినా పిల్లల్ని చేర్చుకోవాల్సిందేనని 2009 విద్యాహక్కు చట్టం అంటున్నప్పుడు, టీకా కార్డు లేదని వెనక్కి పంపే అధికారం ఏ హెడ్మాస్టరుకూ లేదు.

అలా లేకపోవడమే మంచిది. నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు నుంచి ముంబై, పూణెలకు పనికి పోయే కుటుంబాల పిల్లలు సగం ఏడాది అక్కడ, సగం ఏడాది ఇక్కడ పెరుగుతారు. గద్వాల వైపు సీడ్ పత్తి పనులు నడిచే నెలల్లో కొన్ని తరగతులు పలచబడతాయి. కార్డు పోగొట్టుకునేదీ, డోసు తప్పిపోయేదీ ఎక్కువగా ఈ పిల్లలకే. కార్డు తేనిదే బడిలోకి రావద్దంటే వాళ్లకు టీకాతో పాటు చదువూ పోతుంది. కానీ కార్డును షరతు చేయకపోవడం వేరు, అసలు అడగకపోవడం వేరు. ఆపడానికి కాదు, ఎవరికి ఏ డోసు బాకీ ఉందో తెలుసుకోవడానికి చేర్చుకున్న రోజే కార్డు అడగాలి. అడిగి చూసే బడికీ చూడని బడికీ తేడా పిల్లల వయసు 5, 10, 16 ఏళ్లకు వచ్చినప్పుడు బయటపడుతుంది.

బడి ఈడులో వచ్చే మూడు సూదులు

పుట్టిన రోజు నుంచి రెండేళ్ల దాకా టీకాలు వరుసగా పడతాయి. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, రోటా, పోలియో. 9 నెలలు నిండాక, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). రెండో ఎంఆర్‌తో పాటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ మొదటి బూస్టర్. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి పిలుస్తుంది, అంగన్‌వాడీలో పేరు రాసి ఉంటుంది కాబట్టి ఇక్కడిదాకా తప్పేది తక్కువ.

ఆ తర్వాత బడి ఈడు పిల్లలందరికీ వేసేవి మూడు. 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ రెండో బూస్టర్, 10 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), 16 ఏళ్లకు మరో టీడీ. మూడూ పిల్లలు ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారే వయసులోనే వస్తాయి, తప్పిపోవడానికి అసలు కారణం ఇదే.

ఐదేళ్ల డోసు సంగతి చూడండి. ఊళ్లో టీకాలు వేసేది బుధ, శనివారాల్లో. ఆ వేళకు పిల్ల బడి బస్సెక్కి నల్లగొండలోనో దేవరకొండలోనో యూకేజీ గదిలో కూర్చుని ఉంటుంది. అంగన్‌వాడీ పుస్తకంలో ఆ పేరు కొట్టేసి ఉంటుంది, ప్రైవేటు బడికి ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సు) పుస్తకంతో సంబంధం ఉండదు. పైగా డీపీటీకి గడువుంది. ఏడేళ్లు నిండితే ఇక వేయరు, బదులుగా కంఠసర్పి (డిఫ్తీరియా) భాగం తగ్గించిన టీడీ వేస్తారు. అందుకే ఒకటో తరగతిలో పిల్లలు చేరిన నెలలోనే కార్డులు చూడాలి. రెండో తరగతిలో చూస్తే కొందరికి గడువు దాటిపోయి ఉంటుంది.

పదేళ్ల టీడీ ఐదో తరగతిలో పడాలి. తెలంగాణలో ప్రాథమిక బడి ముగిసేదీ, గురుకులాల్లో చేరేదీ ఆ తరగతిలోనే. పిల్ల ఊరు వదిలి గురుకులానికి పోతే అక్కడ వేస్తారని ఊరి ఏఎన్ఎం అనుకుంటుంది, ఇంటి దగ్గర వేసే ఉంటారని గురుకులంలో అనుకుంటారు. దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది. ఊరి బడి ఇచ్చే టీసీతో పాటు టీకా పేజీ నకలు జతచేసి పంపడం. టీసీ ఎలాగూ కొత్త బడికి పోతుంది కాబట్టి ఆ నకలు కూడా దానితో చేరుతుంది.

పదహారేళ్ల డోసు పదో తరగతి చివర్లోనో ఇంటర్ మొదటి ఏడాదిలోనో పడుతుంది. మూడింటిలో ఎక్కువగా మరుగున పడేది ఇదే. పరీక్షల హడావుడిలో జనవరి నుంచి హైస్కూలు ఎవరినీ లోపలికి రానివ్వదు, జూనియర్ కాలేజీలో అడిగేవారుండరు. పదో తరగతికి దసరా సెలవుల లోపే వేయించడం మేలు. ఇంకో చిక్కు పుట్టిన తేదీది. బడిలో చేర్చడానికి వీలుగా జూన్ తేదీలు, ఆధార్‌లో జనవరి 1 రాయించిన పిల్లలు తక్కువ కాదు. కాగితం మీది వయసును పట్టుకుని ఇంకా పదహారు నిండలేదని వెనక్కి పంపడం కంటే ఐదు, పది తరగతులనే గుర్తుగా పెట్టుకోవడం ఆచరణలో నికరమైన పద్ధతి.

ఈ బూస్టర్లు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఇళ్లలో నిజంగానే వస్తుంది. పసితనంలో వేసిన డీపీటీ ఇచ్చే రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. కంఠసర్పి, ధనుర్వాతం రెండింటిలోనూ క్రిమి కంటే అది వదిలే విషమే ప్రాణం తీస్తుంది. ఆ విషాన్ని అడ్డుకునే శక్తి ఒంట్లో తగినంత నిలవాలంటే మళ్లీ గుర్తుచేసే డోసు కావాలి. కంఠసర్పి పోయిన జబ్బు కాదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఆ కేసులు ఈ కాలంలో కూడా వచ్చాయి. గొంతులో బూడిదరంగు పొర, ఉబ్బిన మెడ కనిపించాక ఇంట్లో కషాయాలతో గడిపే ఒక్కో రోజూ ప్రమాదమే.

కార్డు చూసే పద్ధతి

కార్డు చేతికొచ్చాక టిక్కులు కాదు, తేదీలు చూడాలి. టిక్కు ఉండి తేదీ లేకపోతే ఏఎన్ఎం పుస్తకంతో గానీ సర్కారు ఆన్‌లైన్ టీకా లెక్క యూ-విన్‌లో తల్లి ఫోన్ నంబరుతో గానీ సరిచూడాలి. యూ-విన్ దేశమంతా వాడుకలోకి వచ్చింది ఇటీవలే కాబట్టి పెద్ద తరగతుల పిల్లల పేర్లు అందులో ఉండకపోవచ్చు. 2016 అక్టోబరు 11కు ముందు పుట్టినవాళ్ల కార్డుల మీద పాత మహబూబ్‌నగర్ లేదా పాత నల్లగొండ జిల్లా పేరే ఉంటుంది. ఇప్పుడా ఊరు వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో సూర్యాపేటలోనో ఉండొచ్చు. వెతకాల్సింది జిల్లా పేరుతో కాదు, ఉపకేంద్రం పేరుతో.

కార్డు పోయిందంటే డోసు పడలేదని కాదు, పడిందనీ కాదు. తల్లిని నేరుగా అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉందా, తొడకు సూదులు ఎన్నిసార్లు వేశారు, నడక వచ్చాక మళ్లీ వేశారా అని అడగాలి. 2017 ఆగస్టులో తెలంగాణలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు అందరికీ ఎంఆర్ ప్రచారం జరిగింది. అప్పుడు పడిన డోసు చాలామంది కార్డుల్లో ఎక్కలేదు. ఎంతకీ తేలకపోతే పడలేదనే లెక్క వేసుకోవాలి. ఒక డోసు ఎక్కువ పడితే వచ్చే నష్టం కంటే తక్కువ పడితే వచ్చే నష్టమే పెద్దది.

మధ్యలో ఆగిన వరుసను మొదటి నుంచి ఎత్తుకోనక్కర్లేదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కొనసాగించాలి. ‘మళ్లీ అన్నీ వేస్తారు’ అన్న భయంతోనే కొందరు తల్లులు కార్డు దాచేస్తారు కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. ఏడేళ్లు దాటినా ఒక్కటీ పడని పిల్లలకు టీడీ ఇప్పుడొకటి, కనీసం నాలుగు వారాలకు ఇంకొకటి, ఆ తర్వాత ఆరు నెలలు దాటాక మూడోది అన్న క్రమాన్ని డాక్టరు నిర్ణయిస్తారు. సర్కారు దవాఖానలో మామూలుగా ఎంఆర్ ఐదేళ్ల లోపు వారికే వేస్తారు. అది తప్పిన పెద్ద పిల్లల సంగతి పీహెచ్‌సీ డాక్టరుతో విడిగా మాట్లాడాలి. గవదబిళ్లలు, ఆటలమ్మ, టైఫాయిడ్ టీకాలు సర్కారు జాబితాలో లేవు. ప్రైవేటులో వేయించుకున్నవాళ్ల కార్డులో అవి కనిపిస్తే మిగతావి కూడా పూర్తయ్యాయని అనుకోకూడదు.

బడిలో సూదులు వేసే రోజు

ఎక్కువ గొడవ జరిగేది ఇక్కడే. ముందురోజు ఇంటికి పంపే చీటీలో మూడు ప్రశ్నలు చాలు. ఇప్పుడు జ్వరం ఉందా? ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరిగిందా? రోజూ వాడే మందులేమిటి? జలుబు, కొద్దిపాటి దగ్గు, మామూలు విరేచనాలు ఉంటే టీకా ఆపాల్సిన పనిలేదు. జ్వరం ఎక్కువగా ఉంటే ఆ రోజుకు వాయిదా వేయాలి.

పెద్ద పిల్లల్లో కనిపించే ఇబ్బంది కళ్లు తిరిగి పడిపోవడం. ఇది టీకా మందు వల్ల వచ్చేది కాదు. భయం, ఖాళీ కడుపు, ఎండలో వరుసలో నిలబడటం కలిస్తే వస్తుంది. ఒకరు పడితే చూసిన నలుగురు పడతారు, ఇంతలో ఊళ్లోకి ‘సూది వికటించింది’ అన్న కబురు పోతుంది. మధ్యాహ్న భోజనం తర్వాత గంటకు మొదలుపెట్టి, ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి వేసి, రెండో తలుపు గుండా పక్క గదికి పంపితే ఇది చాలావరకు జరగదు. పక్క గదిలో అరగంట ఉంచాలి, నేల మీద రెండు చాపలు పరిచి ఉంచాలి. కళ్లు తిరిగినవాళ్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. కొద్ది నిమిషాల నుంచి అరగంటలోపు దద్దుర్లు, పెదవులు వాయడం, పిల్లికూతల శ్వాస, నీరసించిన వేగమైన నాడి కనిపిస్తే అది వేరే సంగతి. అప్పుడు ఏఎన్ఎం దగ్గరి కిట్‌లోని అడ్రినలిన్ వెంటనే తొడకు పడాలి, 108 పిలవాలి. ఇలా జరగడం చాలా అరుదు. అయినా కిట్ లేకుండా శిబిరం మొదలుపెట్టకూడదు.

మన ఎండల్లో శీతల పద్ధతి మీద ప్రత్యేకంగా కన్నుండాలి. టీకా పెట్టెలో నాలుగు ఐస్ ప్యాకులు ఉంటాయి. ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెడితే టీడీ, డీపీటీ గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. ప్యాకును చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి, అప్పుడే పెట్టాలి. సీసా మీది గుర్తులో లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కంటే లేత రంగులో ఉంటేనే వాడాలి. రెండూ సమానమైనా, లోపలిది ముదిరినా పారేయాలి. పొడిలో నీళ్లు కలిపిన ఎంఆర్ నాలుగు గంటలు దాటితే వాడకూడదు, అందుకే కలిపిన వేళ సీసా మీద రాయాలి. ఇవన్నీ ఏఎన్ఎం పనులే అయినా టీచరు పక్కన నిలబడి చూడటంలో తప్పులేదు.

వేసిన డోసు అదే రోజు మూడు చోట్ల ఎక్కాలి: పిల్ల కార్డు, ఏఎన్ఎం లెక్క, బడి రిజిస్టరు. రేపు రాద్దాం అనుకున్నవి పోతాయి. ఆ రోజు రాని పిల్లల జాబితాను వచ్చే బుధవారానికి ఆశ కార్యకర్త చేతికివ్వాలి.

అందరికీ ఇచ్చే గోలీలు

నట్టల గోలీ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు. రెండేళ్లు దాటితే పూర్తి గోలీ, ఒకటి నుంచి రెండేళ్ల వారికి సగం. మింగించకూడదు, నమిలించాలి. చిన్నవాళ్లకు పొడిచేసి నీళ్లతో ఇవ్వాలి. గోలీ గొంతులో ఇరుక్కోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. టీచరు ఎదుటే వేయించాలి, ఇంటికి పంపకూడదు. ఆ రోజు ఒంట్లో బాగాలేని పిల్లలకు, వేరే మందులు వాడుతున్నవాళ్లకు ఇవ్వకుండా, తప్పినవాళ్ల కోసం తర్వాత పెట్టే రోజున ఇవ్వాలి. కడుపులో నట్టలు ఎక్కువగా ఉన్నవాళ్లకు కొద్దిగా వికారం, కడుపునొప్పి రావచ్చు. నీళ్లిచ్చి నీడన కూర్చోబెడితే తగ్గుతుంది.

ఐరన్ గోలీ వారానికొకటి. 5 నుంచి 9 ఏళ్ల వాళ్లకు గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాముల ఐరన్. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు నీలం రంగుది, 60 మిల్లీగ్రాములు. ప్రార్థన వేళ ఖాళీ కడుపున ఇస్తే వాంతి అవుతుంది, ఒక్కసారి వాంతి చేసుకున్న పిల్ల మళ్లీ వేసుకోదు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇవ్వాలి. టీ, పాలు దగ్గరలో ఉండకూడదు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే రెండో వారానికి ఇంట్లో గోలీ మాన్పిస్తారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వంటి ఫ్లోరైడ్ మండలాల్లో డాక్టరు రాసిన కాల్షియం వాడే పిల్లలుంటే, ఐరన్‌కూ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. తలసీమియా ఉన్న పిల్లలకు డాక్టరు చెప్పనిదే ఐరన్ ఇవ్వకూడదు. ఆ పేర్లు రిజిస్టరు మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో ఉండాలి.

ఒక్కో పిల్లకు వేరుగా ఉండే మందులు

టీకాల విషయంలో కనీసం ఒక పట్టిక ఉంది. మూర్ఛ, ఆస్తమా, షుగరు ఉన్న పిల్ల బడికి వచ్చినప్పుడు చాలా చోట్ల ఏమీ ఉండదు. తల్లి గేటు దగ్గర మాటగా చెప్పి పోతుంది, విన్న టీచరు సెలవు పెడితే ఆ సమాచారం కూడా సెలవులోనే ఉంటుంది. కాబట్టి ఒక కాగితం కావాలి. దాని మీద పిల్ల పేరు, తరగతి, బరువు, జబ్బు, మందు పేరు, మోతాదు, ఏ వేళకు, ఏం కనిపిస్తే అదనపు డోసు, ఇద్దరి ఫోన్ నంబర్లు, తల్లి లేదా తండ్రి సంతకం, వెనక డాక్టరు చీటీ నకలు ఉండాలి. మందు కొన్న స్ట్రిప్పు లేదా సీసాలోనే రావాలి. కాగితం పొట్లంలో కట్టిన నాలుగు గోలీలు తీసుకోకూడదు, పేరూ గడువూ తెలియవు. ఇచ్చిన ప్రతిసారీ తేదీ, వేళ, మోతాదు, సంతకం ఉండాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాయాలి.

మందులకు తాళం ఉండాలి, కానీ అన్నిటికీ కాదు. ఆస్తమా ఇన్‌హేలరు, షుగరు పిల్లల గ్లూకోజు బీరువాలో పెట్టి తాళంచెవి హెచ్ఎం ఇంటికి పోతే, అవి లేనట్టే. అవి పిల్ల దగ్గరే ఉండాలి, లేదా తాళం లేని చోట ఉండాలి.

ఆస్తమా: వరి కోతలు, పత్తి తీతలు, మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల దుమ్ము ఉన్న రోజుల్లో ఎక్కువవుతుంది. ఉపశమనానికి వాడేది సాల్బుటమాల్, సాధారణంగా పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. ఊపి, స్పేసర్‌కు (మందు నిలిచే ప్లాస్టిక్ గొట్టానికి) పెట్టి, ఒక పఫ్ కొట్టి, నాలుగు ఊపిర్లు పీల్పించాలి. ఇలా ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ మాట పూర్తిచేయలేకపోతే 108. స్పేసర్ లేకుండా నోట్లో నేరుగా కొడితే మందులో చాలా భాగం నాలుక మీదే ఆగిపోతుంది. ‘పంపు పనిచేయట్లేదు’ అన్న ఫిర్యాదుకు ఎక్కువసార్లు ఇదే కారణం.

ఫిట్స్: ముందు గడియారం చూడాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ బెంచీలు జరపాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం ఏవీ పనిచేయవు. చెంచాతో పళ్లు విరుగుతాయి, నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఐదు నిమిషాలు దాటితే డాక్టరు ముందే రాసిచ్చిన మిడజోలమ్ ముక్కు స్ప్రేను రాసినన్ని పఫ్‌లు, రెండు ముక్కుపుటాల్లో పంచి కొట్టాలి, 108 పిలవాలి. బడిలో ఫిట్స్ రావడానికి పెద్ద కారణం పొద్దున బస్సు తొందరలో ఇంటి డోసు ఎగిరిపోవడం. ఆ పిల్లను రోజూ రాగానే గోలీ వేసుకున్నావా అని అడగడం సగం వైద్యం.

టైప్ 1 షుగరు: వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు ఉంటుంది. నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో రేకుల గదిలో నిలవదు. ఫ్రిజ్ లేని బడిలో తడి ఇసుక పోసిన మట్టికుండలో గిన్నె పెట్టి ఉంచితే సరిపోతుంది. గడ్డకట్టినది మాత్రం పారేయాలి. చెమటలు, వణుకు, ఉన్నట్టుండి చిరాకు కనిపిస్తే చక్కెర పడిపోయినట్టే. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించి, ఆపై ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. భోజనానికి ముందు ఆటల పీరియడ్ ఈ పిల్లలకు గడ్డు వేళ. సీబీఎస్‌ఈ 2017లోనే పరీక్ష గదిలోకి తినుబండారాలు అనుమతించింది. ఏ బోర్డు పరీక్షకైనా డాక్టరు చీటీతో ముందుగానే కేంద్రంలో చెప్పి ఉంచాలి.

బడుల్లో ఎక్కువగా తప్పుగా ఇచ్చేది పారాసిటమాల్. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు డోసులు మించకుండా. 18 కిలోల పిల్లకు 250 మిల్లీగ్రాములు సరిపోతుంది. సిరప్పులు రెండు బలాల్లో వస్తాయి. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్నదైతే 10 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 5 మిల్లీలీటర్లు. సీసా మారినప్పుడు పాత కొలతే పోస్తే మోతాదు సగమవుతుంది లేదా రెట్టింపవుతుంది. ఇంట్లో ఎనిమిదింటికి వేసి పంపిన పిల్లకు బడిలో పదకొండింటికి మళ్లీ వేయడం మామూలుగా జరిగే పొరపాటు, ముందు అడగాలి. వానాకాలం డెంగీ రోజుల్లో ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు వాళ్లకు 2011 నుంచి నిషేధం. యాంటీబయోటిక్ ఏదీ బడి తన నిర్ణయంతో ఇవ్వకూడదు.

గురుకులాల్లో ఇంకో తలనొప్పి పెట్టెల్లో దాచుకున్న మందులు. దసరాకో సంక్రాంతికో ఇంటికి పోయి వచ్చేటప్పుడు పిల్లలు జ్వరం గోలీలు, దురద మలాములు తెచ్చుకుని పంచుకుంటారు. పెట్టెలు వెతకడం కంటే తిరిగొచ్చిన సాయంత్రమే ‘ఏం తెచ్చారో ఇవ్వండి, పేరు రాసి దాస్తాం, అడిగినప్పుడు ఇస్తాం’ అంటే ఎక్కువ మంది ఇస్తారు. నర్సు లేని రాత్రివేళ మందుల బీరువా ఎవరు తెరవాలో, ఏది ఇవ్వొచ్చో వార్డెన్ గదిలో రాసి ఉండాలి.

అంటుజబ్బు వచ్చిన పిల్లను ఎన్నాళ్లు ఇంట్లో ఉంచాలో కూడా బడి చెప్పగలగాలి. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు. గవదబిళ్లలకు వాపు మొదలయ్యాక ఐదు రోజులు. ఆటలమ్మకు పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా. గజ్జికి మందు రాసిన మరుసటి రోజు రావచ్చు, కానీ పక్కన పడుకునే పిల్లలందరికీ అదే రాత్రి రాయాలి. తట్టు, ఆటలమ్మలను అమ్మవారు పోసిందని ఇంట్లో చెప్పకుండా ఉంచే అలవాటు ఇంకా ఉంది. వేపాకు పెట్టుకోవద్దని ఎవరూ అనక్కర్లేదు, ఏఎన్ఎంకు కబురు మాత్రం పోవాలి. ఒక తట్టు కేసు తెలిస్తే, అదే వీధిలో డోసు తప్పిన పసివాళ్లను ఆ వారమే వెతకొచ్చు.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. చర్మం పొరల్లోనే వేసే పద్ధతిలో రేబీస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడాలి. రక్తం వచ్చిన గాయానికి మొదటి రోజే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. ఎక్కువగా తప్పేది 28వ రోజు డోసు. గాయం మానిపోయి ఉంటుంది, ఇంట్లో మరచిపోతారు. ఆ తేదీని బడి క్యాలెండరులో రాసి పెట్టాలి.

ఏప్రిల్‌లో చివరి పనిరోజున బీరువా ఖాళీ చేయాలి. మిగిలిన మందులు సంతకం తీసుకుని తల్లిదండ్రులకే ఇవ్వాలి, పిల్లల చేతికి కాదు. వేసవి వేడిలో రెండు నెలలు మూసిన గదిలో ఉన్న మందును, గడువు తేదీ దాటకపోయినా, జూన్‌లో మళ్లీ వాడకూడదు. ఇన్సులిన్ సూదులను చెత్తబుట్టలో వేయకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఏఎన్ఎంకు అప్పగించాలి.